ఉపగ్రహ ఆంటెన్నా ఫీడ్ వ్యవస్థలో డైనమిక్ రేంజ్: సి-బ్యాండ్ స్వీకరణ ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

ఉపగ్రహ సంకేతాన్ని అందుకొనే ఫీడ్ వ్యవస్థకు ఎంత డైనమిక్ రేంజ్ అవసరమన్న ప్రశ్నకు పాఠ్యగ్రంథాలు సాధారణంగా కోరిన సంకేతపు హెచ్చుతగ్గులను బట్టి సమాధానం చెబుతాయి. భూస్థిర ఉపగ్రహాల సి-బ్యాండ్ స్వీకరణలో ఆ సమాధానం చాలదు. అక్కడ కోరిన సంకేతం దాదాపు స్థిరంగానే ఉంటుంది. అవసరమైన వ్యాప్తిని నిర్ణయించేవి కోరని సంకేతాలు. 5జీ సేవలు ఉపగ్రహ పౌనఃపున్యాల పొరుగుకు వచ్చిన తరువాత ఈ విషయం ప్రత్యక్షంగా తెలిసివచ్చింది. ఫీడ్ వ్యవస్థకు కింది హద్దు, పై హద్దు ఎలా ఏర్పడతాయో, ఒకదానిని మెరుగుపరిస్తే రెండవదానిలో చెల్లించవలసిన మూల్యం ఎంతో ఒక నమూనా లెక్క ద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫీడ్ హార్న్, ఎల్.ఎన్.బి., రొద ఉష్ణోగ్రత, కంప్రెషన్, ఇంటర్‌మాడ్యులేషన్, వేవ్‌గైడ్ ఫిల్టర్, సి-బ్యాండ్.

1. ఉపోద్ఘాతం:

మన పట్టణాలలో కేబుల్ కంట్రోల్ రూమ్ డాబా మీద ఆకాశం వైపు ముఖం పెట్టి నిలిచిన పెద్ద డిష్‌లు చాలామందికి పరిచితమే. అవి ప్రధానంగా సి-బ్యాండ్ డిష్‌లు. 3700 నుంచి 4200 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్యాలలో భూస్థిర ఉపగ్రహాలు పంపే టెలివిజన్ ప్రసారాలను అందుకొంటాయి. 2022లో జరిగిన స్పెక్ట్రమ్ వేలంలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని మొబైల్ సేవలకు కేటాయించారు. అదే సంవత్సరం అక్టోబరు 1న దేశంలో 5జీ సేవలు మొదలయ్యాయి. ఈ రెండు పట్టీలకు మధ్య 30 మెగాహెర్ట్జ్ ఖాళీ ఉంది. అంటే కాగితం మీద చూస్తే ఎవరి దారి వారిది. ఒకరి పౌనఃపున్యం మరొకరి పౌనఃపున్యం మీద పడడం లేదు.

అయినా టవర్‌కు దగ్గరగా ఉన్న డిష్‌లో బొమ్మ ముక్కలు ముక్కలు కావచ్చు, పూర్తిగా ఆగిపోనూవచ్చు. రిసీవర్‌ను 3950 మెగాహెర్ట్జ్ ఛానెల్‌కు కుదిర్చి ఉంచినప్పుడు 3600 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగం దానిని ఎలా చెడగొడుతుంది? మన రిసీవర్ అసలు ఆ వైపు చూడడమే లేదు కదా? ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు అడిగే ఈ ప్రశ్న చాలా న్యాయమైనది. దీనికి సమాధానం ట్యూనింగ్‌లో లేదు, ఫీడ్ దగ్గరి డైనమిక్ రేంజ్‌లో ఉంది.

2. పదం గురించి:

డైనమిక్ రేంజ్‌ను ‘గతిశీల వ్యాప్తి’ అని మక్కికి మక్కి తెలుగు చేస్తే ఏదో కదలికకు సంబంధించిన విషయమనిపిస్తుంది. ఇక్కడ కదిలేదేమీ లేదు. ఒక సాధనం గుర్తించగల అతి చిన్న సంకేతానికీ, రూపం చెడకుండా మోయగల అతి పెద్ద సంకేతానికీ మధ్య ఉన్న నిష్పత్తి ఇది. కంసాలి త్రాసు గురివింద గింజ ఎత్తు తేడాను కూడా చెబుతుంది. కానీ దాని మీద ధాన్యపు బస్తా మోపితే బరువు తెలియకపోవడమే కాదు, అప్పటికే పళ్లెంలో ఉన్న బంగారం ఎత్తు కూడా తెలియకుండా పోతుంది. ఈ రెండవ నష్టమే మనకు ముఖ్యం. ఫీడ్ వ్యవస్థ తన పై హద్దు దాటినప్పుడు పోగొట్టుకొనేది పెద్ద సంకేతాన్ని కాదు, దాని పక్కన ఉన్న చిన్న సంకేతాన్ని. మరొక తెలుగు మాట స్థిరపడే వరకు ఈ వ్యాసంలో ‘డైనమిక్ రేంజ్’ అనే వాడతాను.

ఇక్కడే ఒక భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. సంకేతాలు కోరే వ్యాప్తి ఒకటి, సాధనం ఇవ్వగల వ్యాప్తి మరొకటి. హైదరాబాదు సమీపంలోని షాద్‌నగర్ భూకేంద్రం దూరసంవేదన ఉపగ్రహాల దత్తాంశాన్ని అందుకొంటుంది. సుమారు 800 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం క్షితిజానికి 5 డిగ్రీల పైన కనిపించినప్పుడు దాని దూరం దాదాపు 2780 కిలోమీటర్లు. సరిగ్గా నడినెత్తికి వస్తే 800 కిలోమీటర్లే. ఈ దూరభేదం వల్లనే సంకేతబలం సుమారు 11 డెసిబెల్‌లు మారుతుంది. అక్కడ కోరిన సంకేతమే హెచ్చుతగ్గులకు లోనవుతున్నది. కు-బ్యాండ్‌లో వచ్చే డీటీహెచ్ సంకేతం జోరువానలో బాగా క్షీణిస్తుంది కాబట్టి అక్కడా అంతే. భూస్థిర ఉపగ్రహపు సి-బ్యాండ్ సంకేతానికి ఈ రెండు బాధలూ దాదాపు లేవు. ఉపగ్రహం ఉన్నచోటనే ఉన్నట్లు కనిపిస్తుంది, వాన ప్రభావం స్వల్పం. కోరిన సంకేతాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకొంటే ఈ ఫీడ్‌కు డైనమిక్ రేంజ్ చర్చ అనవసరమనే అనిపిస్తుంది.

3. కింది హద్దు – రొద మట్టం:

కింది హద్దును నిర్ణయించేది ఉష్ణజనితమైన రొద. నిరపేక్ష శూన్యానికి పైన ఉన్న ప్రతి వస్తువూ రేడియో తరంగాలను వెదజల్లుతుంది. బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతోను, బ్యాండ్‌విడ్త్‌తోను గుణిస్తే ఆ రొద సామర్థ్యం వస్తుంది. 290 కెల్విన్‌ల దగ్గర ఒక హెర్ట్జ్ వెడల్పుకు అది −174 డీబీఎం. ఇంజినీరింగ్ విద్యార్థులందరూ కంఠస్థం చేసే సంఖ్య ఇది. అయితే మంచి ఉపగ్రహ ఫీడ్ చూసే రొద ఉష్ణోగ్రత 290 కెల్విన్‌లు కాదు, అందులో నాలుగో వంతు మాత్రమే. డిష్ చల్లని ఆకాశాన్ని చూస్తుంది. ఫీడ్ హార్న్ చూపు డిష్ అంచు దాటి వెనుకనున్న నేల మీద పడినంత మేరకు మాత్రమే వెచ్చని రొద లోపలికి వస్తుంది. ఫీడ్ చుట్టూ కనిపించే లోహపు వలయాల పని ఈ చూపును అదుపు చేయడమే. డిష్ అంచు దగ్గర ఫీడ్ స్పందన మధ్యభాగంతో పోలిస్తే 10 లేక 12 డెసిబెల్‌లు తగ్గి ఉండేలా రూపొందించడం అలవాటు. అంతకన్నా ఎక్కువ తగ్గిస్తే డిష్ వైశాల్యం వృథా అవుతుంది, తక్కువ తగ్గిస్తే నేల రొద చొరబడుతుంది.

ఈ కింది హద్దును ఎంతవరకు దించవచ్చో తెలిపే సుప్రసిద్ధ ఉదాహరణ కూడా ఉపగ్రహ ఆంటెన్నాకు సంబంధించినదే. అమెరికాలోని హోమ్‌డెల్‌లో బెల్ ప్రయోగశాల ఎకో ఉపగ్రహ ప్రయోగాల కోసం ఒక పెద్ద హార్న్ ఆంటెన్నాను నిర్మించింది. నేల రొద దాదాపు చొరబడని నిర్మాణం అది. దానితో 4080 మెగాహెర్ట్జ్ దగ్గర కొలతలు తీసిన పెంజియాస్, విల్సన్‌లకు ఎన్ని కారణాలు తీసివేసినా ఇంకా 3.5 కెల్విన్‌ల రొద మిగిలింది. 1965లో వారు ప్రకటించిన ఆ మిగులు విశ్వమంతటా వ్యాపించిన నేపథ్య వికిరణమని తేలింది. 1978లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 4080 మెగాహెర్ట్జ్ అంటే ఇప్పుడు మన కేబుల్ డిష్‌లు చూస్తున్న పట్టీయే.

మన నమూనా లెక్కకు వద్దాం. 3.6 మీటర్ల డిష్, 60 శాతం దక్షత, పౌనఃపున్యం 4 గిగాహెర్ట్జ్ అనుకొందాం. దాని గెయిన్ సుమారు 41.3 డెసిబెల్‌లు. ఉపగ్రహం ఒక ట్రాన్స్‌పాండర్‌లో 38 డీబీడబ్ల్యు, అంటే 68 డీబీఎం సమానక వికిరణ సామర్థ్యంతో పంపుతున్నదనుకొందాం. 36,200 కిలోమీటర్ల దారిలో నష్టం 195.7 డెసిబెల్‌లు. కాబట్టి ఫీడ్‌కు చేరేది −86.4 డీబీఎం, అంటే రెండు పికోవాట్లకు కాస్త ఎక్కువ. ఇక రొద సంగతి. ఆంటెన్నా వాటా 40 కెల్విన్‌లు, ఎల్.ఎన్.బి. వాటా 30 కెల్విన్‌లు, మొత్తం 70. 36 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఇది −104.6 డీబీఎం. సంకేతం రొదకు 18.2 డెసిబెల్‌ల పైన ఉంది. డీవీబీ-ఎస్2 పద్ధతిలో 8పీఎస్‌కే, 3/4 సంకేతీకరణకు సుమారు 8 డెసిబెల్‌లు చాలు. అంటే పది డెసిబెల్‌ల నిల్వ చేతిలో ఉంది. ఇంతవరకు అంతా సౌఖ్యమే.

ఎల్.ఎన్.బి. వాటా 30 కెల్విన్‌లకే పరిమితం కావడానికి కారణం 1944లో ఫ్రిస్ ఇచ్చిన సూత్రం. వరుసగా అమర్చిన దశలలో రెండవ దశ రొద మొదటి దశ గెయిన్‌తో భాగింపబడి లెక్కలోకి వస్తుంది. మూడవ దశ రొద మొదటి రెండింటి గెయిన్‌ల లబ్ధంతో భాగింపబడుతుంది. కాబట్టి మొదటి దశలోనే గెయిన్ ఎక్కువగా ఉంటే తరువాతి దశల రొదను పట్టించుకోనక్కరలేదు. ఎల్.ఎన్.బి.ని కింద గదిలో కాక ఫీడ్ నోటి దగ్గరే బిగించడానికి, అందులో 60 డెసిబెల్‌లకు మించిన గెయిన్ పెట్టడానికి హేతువు ఇదే.

4. పై హద్దు – కంప్రెషన్, ఇంటర్‌మాడ్యులేషన్:

అదే గెయిన్ పై హద్దును కిందికి లాగుతుంది. ఈ సంబంధాన్ని తరగతి గదిలో తగినంతగా చెప్పడం లేదని నా అభిప్రాయం. ఫ్రిస్ సూత్రాన్ని ఒక అధ్యాయంలో, వక్రీకరణను మరొక అధ్యాయంలో చెబుతాం. రెండూ ఒకే గొలుసుకు రెండు కొసలని విద్యార్థికి తోచదు. రొద విషయంలో మొదటి దశ నిర్ణాయకమైతే, వక్రీకరణ విషయంలో చివరి దశ నిర్ణాయకం. ఎందుకంటే ముందున్న గెయిన్ అంతా కలిసి సంకేతాన్ని పెంచి చివరి దశ నెత్తిన పెడుతుంది. చివరి దశ ఓర్చుకోగల బలాన్ని ప్రవేశద్వారం దగ్గరి విలువగా మార్చాలంటే ముందున్న గెయిన్‌నంతా దాని నుంచి తీసివేయాలి.

మన నమూనా ఎల్.ఎన్.బి. గెయిన్ 62 డెసిబెల్‌లు. దాని నిర్గమం +8 డీబీఎం దగ్గర గెయిన్ ఒక డెసిబెల్ తగ్గుతుందనుకొందాం. ఈ బిందువునే ఒక డెసిబెల్ కంప్రెషన్ బిందువు అంటారు. ప్రవేశం దగ్గర దీని విలువ −53 డీబీఎం. కింది హద్దు −104.6, పై హద్దు −53. మధ్య ఉన్న 51.6 డెసిబెల్‌లే మన ఫీడ్ వ్యవస్థ సరళరేఖీయ డైనమిక్ రేంజ్. ఒకే ధ్రువణంలో పన్నెండు ట్రాన్స్‌పాండర్‌లు కలిసి వచ్చినా మొత్తం −75.6 డీబీఎం మాత్రమే. పై హద్దుకు ఇంకా 22 డెసిబెల్‌ల ఎడం ఉంది. తయారీదారులు ఇంతకన్నా ఎక్కువ పై హద్దు కోసం డబ్బు ఖర్చుపెట్టకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆకాశం నుంచి వచ్చేది ఇంతేనని వారికి తెలుసు.

అయితే 51.6 డెసిబెల్‌లూ మనవి కావు. కంప్రెషన్‌కు చాలా ముందే మరొక బాధ మొదలవుతుంది. ఏ యాంప్లిఫయర్ స్పందనలోనైనా స్వల్పమైన ఘనపదం ఉంటుంది. రెండు పౌనఃపున్యాలు కలిసి లోపలికి వచ్చినప్పుడు ఆ ఘనపదం కొత్త పౌనఃపున్యాలను పుట్టిస్తుంది. మొదటిదానికి రెట్టింపులో నుంచి రెండవదానిని తీసివేస్తే వచ్చేది ఒకటి, రెండవదానికి రెట్టింపులో నుంచి మొదటిదానిని తీసివేస్తే వచ్చేది మరొకటి. 3450, 3600 మెగాహెర్ట్జ్‌లను తీసుకోండి. 3600కు రెట్టింపు 7200, అందులో నుంచి 3450 పోతే 3750. ఇది ఉపగ్రహ పట్టీ లోపల ఉంది. బయట ఉన్న రెండు తరంగాలు ఫీడ్ లోపల కలిసి, ఉపగ్రహం పంపని ఒక సంకేతాన్ని ఉపగ్రహ ఛానెల్‌లోనే సృష్టించాయి. ఒకసారి పుట్టిన తరువాత దీనిని ఏ ఫిల్టరూ వేరుచేయలేదు.

దీని నడవడి కూడా విచిత్రం. మూల సంకేతాలు ఒక డెసిబెల్ పెరిగితే ఇది మూడు డెసిబెల్‌లు పెరుగుతుంది. ఈ రెండు రేఖలను పొడిగిస్తే అవి కలిసే చోటును తృతీయ ఘాత ఖండన బిందువు అంటారు. స్థూలంగా అది కంప్రెషన్ బిందువుకు పది డెసిబెల్‌ల పైన ఉంటుంది. మన లెక్కలో ప్రవేశం దగ్గర −43 డీబీఎం. ఇంటర్‌మాడ్యులేషన్ సరిగ్గా రొద మట్టాన్ని తాకే వరకు ఉన్న వ్యాప్తిని వక్రీకరణ రహిత డైనమిక్ రేంజ్‌గా లెక్కిస్తారు. ఖండన బిందువుకూ రొద మట్టానికీ మధ్య దూరంలో అది మూడింట రెండు వంతులు. ఇక్కడ 61.6లో మూడింట రెండు వంతులు, అంటే 41 డెసిబెల్‌లు. ఎల్.ఎన్.బి. వివరపత్రంలో కంప్రెషన్ బిందువు ఒక్కటే ఇచ్చినప్పుడు కొనుగోలుదారు 51 డెసిబెల్‌లు ఉన్నాయనుకొంటాడు. నిజంగా నిర్మలంగా వాడుకోగలిగేవి 41.

అనలాగ్ నుంచి డిజిటల్‌కు మార్చే పరికరపు బిట్‌ల సంఖ్యను బట్టి డైనమిక్ రేంజ్ లెక్కకట్టడం కూడా ఉంది. ఎనిమిది బిట్‌లకు దాదాపు 50 డెసిబెల్‌లు. ఆ లెక్క సరైనదే కానీ ఆ పరికరం గొలుసు చివర ఉంటుంది. ఫీడ్ దగ్గర చెడినదాన్ని బిట్‌లు పెంచి బాగుచేయలేం. రిసీవర్‌లోని స్వయంచాలక గెయిన్ నియంత్రణకు కూడా ఇదే వర్తిస్తుంది.

5. ఇంటిలోని పొరుగు:

కోరని బలమైన సంకేతం బయటినుంచే రావాలని లేదు. పంపడానికీ అందుకోవడానికీ ఒకే డిష్‌ను వాడే భూకేంద్రాలలో 6 గిగాహెర్ట్జ్‌ల దగ్గర 100 వాట్లు, అంటే +50 డీబీఎం, ఫీడ్ గొంతులో నుంచే పైకి పోతాయి. అదే గొంతులో నుంచి 4 గిగాహెర్ట్జ్‌ల దగ్గర పికోవాట్లు కిందికి వస్తాయి. రొద మట్టంతో పోలిస్తే 154 డెసిబెల్‌ల తేడా. ఏ యాంప్లిఫయర్‌కూ అంత డైనమిక్ రేంజ్ లేదు. కాబట్టి ఆ భారాన్ని యాంప్లిఫయర్ మీద పెట్టకుండా, ధ్రువణాలను వేరుచేసే వేవ్‌గైడ్ సంధి, ప్రసార తరంగాన్ని తోసిపుచ్చే ఫిల్టర్ పంచుకొంటాయి.

అక్కడ మరొక సూక్ష్మమైన ప్రమాదం ఉంది. యాంప్లిఫయర్ లేకపోయినా, వదులుగా ఉన్న ఫ్లాంజ్, తుప్పు పట్టిన మర కూడా స్వల్పంగా ఘనపద స్పందన చూపుతాయి. దీన్ని నిష్క్రియ ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. సి-బ్యాండ్ కేటాయింపు ఇక్కడ మనకు మేలు చేసింది. ప్రసార పట్టీ 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు. దాని రెండు కొసలనూ కలిపినప్పుడు తృతీయ ఘాతం 5425 దగ్గర, పంచమ ఘాతం 4925 దగ్గర, సప్తమ ఘాతం 4425 దగ్గర పడతాయి. ఏదీ స్వీకరణ పట్టీలో లేదు. నవమ ఘాతం 3925కు చేరుతుంది కానీ అంత పై ఘాతం సాధారణంగా చాలా బలహీనం. ఈ రెండు పట్టీల మధ్య అంత ఎడం లేని వ్యవస్థలలో ఒక్కొక్క సంధినీ పరీక్షించి చూడవలసి వస్తుంది.

6. వీధిలోని పొరుగు:

ఇప్పుడు టవర్ లెక్క చేద్దాం. అనేక ఆంటెన్నా మూలకాలతో కిరణాన్ని కావలసిన వైపు తిప్పే 5జీ కేంద్రం 200 వాట్లతో, 24 డెసిబెల్‌ల గెయిన్‌తో పనిచేస్తే దాని సమానక వికిరణ సామర్థ్యం 77 డీబీఎం. అడ్డంకులు లేకుండా ఒక కిలోమీటరు దూరానికి 3600 మెగాహెర్ట్జ్ దగ్గర నష్టం 103.5 డెసిబెల్‌లు. మన డిష్ ఆకాశంలో బాగా పైకి చూస్తున్నది కాబట్టి టవర్ దాని అక్షానికి 48 డిగ్రీల కంటే పక్కనే ఉంటుంది. అటువంటి దిశలో డిష్ గెయిన్‌ను −10 డెసిబెల్‌లుగా తీసుకోవడం అంతర్జాతీయంగా అంగీకరించిన పద్ధతి. ఈ మూడూ కలిపితే ఫీడ్‌కు చేరేది −36.5 డీబీఎం.

ఇది మన ట్రాన్స్‌పాండర్ సంకేతానికి దాదాపు లక్ష రెట్లు. కంప్రెషన్ హద్దుకు 16 డెసిబెల్‌ల పైన. కిరణం ఎల్లప్పుడూ మన వైపే తిరిగి ఉండదు, మధ్యలో భవనాలు ఉండవచ్చు. ఆ సడలింపులన్నీ కలిపి 16 డెసిబెల్‌లు ఇస్తే హద్దు దగ్గరికి వస్తాం, అంతే. అప్పటికీ ఇంటర్‌మాడ్యులేషన్ మిగిలే ఉంటుంది. −60 డీబీఎం చొప్పున రెండు తరంగాలు వస్తే మొత్తం −57. అంటే కంప్రెషన్ లేదు. కానీ తృతీయ ఘాత ఫలితం −94 డీబీఎం, రొదకు పది డెసిబెల్‌ల పైన. సంకేతానికీ దానికీ మధ్య 7.6 డెసిబెల్‌లే ఉన్నాయి, 8పీఎస్‌కే 3/4కు కావలసినది సుమారు 8. ఇది శుద్ధమైన సైన్ తరంగాల లెక్కని గుర్తుంచుకోవాలి. 5జీ తరంగం 100 మెగాహెర్ట్జ్ వెడల్పుతో వస్తే దాని ఇంటర్‌మాడ్యులేషన్ సుమారు 300 మెగాహెర్ట్జ్‌ల మేర పరచుకొంటుంది. ఒక్కొక్క ట్రాన్స్‌పాండర్‌కు చేరే వాటా తొమ్మిది డెసిబెల్‌ల వరకు తగ్గుతుంది. అయితే వచ్చే బలం మూడు డెసిబెల్‌లు పెరిగితే ఆ తొమ్మిదీ తిరిగి వచ్చేస్తాయి.

ఉపోద్ఘాతంలోని విద్యార్థి ప్రశ్నకు సమాధానం ఇదే. ట్యూనింగ్ గదిలోని రిసీవర్‌లో జరుగుతుంది. దానికి ముందున్న ఎల్.ఎన్.బి. ఏ ఛానెల్‌నూ ఎంచుకోదు, తన పట్టీలోకి వచ్చినదాన్నంతటినీ పెంచుతుంది. 3400 మెగాహెర్ట్జ్ నుంచే తెరచి ఉన్న ఎల్.ఎన్.బి.లు అనేకం వాడుకలో ఉన్నాయి. 5150 మెగాహెర్ట్జ్ స్థానిక డోలకంతో కలిసినప్పుడు 3670 మెగాహెర్ట్జ్ తరంగం 1480 మెగాహెర్ట్జ్‌గా మారి, ఉపగ్రహ సంకేతాలతో పాటే కేబుల్‌లో కిందికి దిగుతుంది.

పొరుగే లేని కాలమూ ఉండేది. 1975 ఆగస్టు 1 నుంచి ఒక సంవత్సరం పాటు సాగిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలు ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలను అందుకొన్నాయి. పది అడుగుల ఇనుప వల డిష్‌లు, 860 మెగాహెర్ట్జ్ సంకేతం. ఆనాటి గ్రామంలో ఫీడ్ చుట్టూ ఉన్న నిశ్శబ్దాన్ని ఈ రోజు ఊహించడం కష్టం. ఇప్పుడు మొబైల్ టవర్లు 869 మెగాహెర్ట్జ్ దగ్గరి నుంచే ప్రసారం చేస్తున్నాయి. అదే సాధనాన్ని అదే ఊరిలో మళ్లీ నిలబెడితే అది పనిచేస్తుందన్న భరోసా లేదు.

7. ఫిల్టర్ – దాని మూల్యం:

పరిహారం వినడానికి సులభం. ఫీడ్ హార్న్‌కూ ఎల్.ఎన్.బి.కీ మధ్య వేవ్‌గైడ్ ఫిల్టర్ బిగించి 3670 మెగాహెర్ట్జ్‌లకు దిగువన ఉన్నదాన్ని ఆపివేయాలి. అది 45 డెసిబెల్‌లు అణచగలిగితే −36.5 కాస్తా −81.5 అవుతుంది, కంప్రెషన్ ఊసే ఉండదు. ఇంటర్‌మాడ్యులేషన్ మూడు రెట్ల వేగంతో తగ్గుతుంది కాబట్టి అది పూర్తిగా మాయమవుతుంది. అమెరికాలో 2020 నాటి ఎఫ్.సి.సి. ఉత్తర్వు ఉపగ్రహ స్వీకరణను 4.0 నుంచి 4.2 గిగాహెర్ట్జ్‌లకు కుదించి, 20 మెగాహెర్ట్జ్ ఖాళీ ఉంచింది. భూకేంద్రాలకు ఫిల్టర్లు అమర్చడంతో సహా మార్పు ఖర్చులను కొత్త లైసెన్సుదారులే భరించాలని కూడా నిర్దేశించింది.

కానీ ఫిల్టర్ తన పట్టీలోని సంకేతాన్ని కూడా కొంత తింటుంది. అర డెసిబెల్ అనుకొందాం. వినడానికి అల్పం. ఆ అర డెసిబెల్ నష్టం సాధారణ ఉష్ణోగ్రతలో ఉన్న లోహం వల్ల జరుగుతున్నది కాబట్టి 35 కెల్విన్‌ల కొత్త రొదను చేరుస్తుంది. ఎల్.ఎన్.బి. 30 కెల్విన్‌లు ఫిల్టర్‌కు ముందునుంచి చూస్తే దాదాపు 34 అవుతాయి. ఆంటెన్నా 40తో కలిపి మొత్తం 109. మునుపు 70. అంటే రొద మట్టం 1.9 డెసిబెల్‌లు పైకి లేచింది. అర డెసిబెల్ నష్టానికి దాదాపు రెండు డెసిబెల్‌ల మూల్యం! గదిలో, వెచ్చని తీగల మధ్య అర డెసిబెల్ అర డెసిబెల్ గానే ఉంటుంది. చల్లని ఆకాశం వైపు చూసే ఫీడ్ దగ్గర కాదు. మన నమూనాలో 18.2 కాస్తా 16.3 అవుతుంది, భరించగలం. చిన్న డిష్‌తో నాలుగైదు డెసిబెల్‌ల నిల్వతో నెట్టుకొస్తున్న చోట ఇది అంత తేలిక కాదు.

మూల్యం తగ్గించుకొనే దారి లేదా? ఫిల్టర్‌ను మొదటి యాంప్లిఫయర్ దశ తరువాత, ఎల్.ఎన్.బి. లోపల పెట్టవచ్చు. మొదటి దశ గెయిన్ 12 డెసిబెల్‌లు, ఆ ఫిల్టర్ నష్టం 2 డెసిబెల్‌లు అనుకొంటే ఫ్రిస్ సూత్రం ప్రకారం చేరే రొద 11 కెల్విన్‌లే. కంప్రెషన్ పుట్టేది చివరి దశలలో కాబట్టి పై హద్దు కూడా చాలావరకు మెరుగవుతుంది. కాగితం మీద ఇదే ఉత్తమం. ఆచరణలో ఇబ్బంది 30 మెగాహెర్ట్జ్ ఖాళీతో వస్తుంది. 3700లో 30 అంటే ఒక శాతం కంటే తక్కువ. అంత ఇరుకైన చోట పూర్తిగా వదలడం నుంచి పూర్తిగా ఆపడానికి మారాలంటే, శక్తిని అతి తక్కువగా పోగొట్టుకొనే కుహరాలు కావాలి. ఎల్.ఎన్.బి. లోపలి సర్క్యూట్ బోర్డు మీద ముద్రించిన సన్నని రాగి పట్టీలకు ఆ శక్తి లేదు. వేవ్‌గైడ్ ఫిల్టర్‌కు ఉంది. అది బరువైనది, ఖరీదైనది, దానికి ఉన్న సహజమైన చోటు ఫీడ్ నోరే. ఆ ఖాళీ ఎంత వెడల్పుగా ఉండాలన్న చర్చ విధాన నిర్ణేతలకు మెగాహెర్ట్జ్‌లలో కనిపిస్తుంది. డిష్ యజమాని మాత్రం దాన్ని కెల్విన్‌లలో చెల్లిస్తాడు.

8. దోషాన్ని గుర్తించడం:

ఏ ఫిల్టరూ తీర్చలేని బాధ ఒకటుంది. 5జీ ప్రసారిణి తన పట్టీ దాటి 3700 మెగాహెర్ట్జ్‌ల పైన కూడా కొంత శక్తిని చిందిస్తే, అది ఉపగ్రహ సంకేతపు వేషంలోనే లోపలికి వస్తుంది. దాన్ని టవర్ దగ్గరే ఆపాలి, లేదా డిష్‌ను గోడ చాటుకు మార్చాలి. కాబట్టి ఫిల్టర్ కొనే ముందు ఉన్న బాధ ఏదో తెలుసుకోవడం అవసరం.

దీనికి మన కళాశాలల ప్రయోగశాలల్లో ఉన్న పరికరాలు చాలు. స్పెక్ట్రమ్ అనలైజర్‌ను ఎల్.ఎన్.బి. నిర్గమానికి కలిపి 950 నుంచి 1850 మెగాహెర్ట్జ్ వరకు చూడాలి. 3700 నుంచి 4200 వరకు ఉన్న పట్టీ 1450 నుంచి 950కి తలకిందులుగా కనిపిస్తుంది. 1480కి పైన గోడలా లేచిన ఆకారం ఉంటే అది పొరుగు సంకేతం. అది లేచినప్పుడల్లా ట్రాన్స్‌పాండర్‌లన్నీ ఒకేసారి కుంగితే కంప్రెషన్ జరుగుతున్నట్లు. కుంగకుండా మధ్యలోని ఖాళీలు మాత్రమే నిండుతూ ఉంటే ఇంటర్‌మాడ్యులేషన్ లేదా చిందిన శక్తి. ఈ రెండింటినీ వేరుచేయడానికి ఎల్.ఎన్.బి.కి ముందు తెలిసిన నష్టం కలిగించే వేవ్‌గైడ్ ముక్కను పెట్టాలి. ఖాళీలలో నిండినది రొద మట్టానికి బాగా పైన ఉన్నంతవరకు ఈ పరీక్ష నమ్మదగినది. ఒక డెసిబెల్ తగ్గించినప్పుడు అది కూడా ఒక డెసిబెల్లే తగ్గితే బయటినుంచి చిందినది. మూడు డెసిబెల్‌లు తగ్గితే మన ఎల్.ఎన్.బి.లోనే పుట్టినది. అదే ముక్కను ఎల్.ఎన్.బి. తరువాత పెడితే రెండూ ఒకే విధంగా తగ్గుతాయి, ఏమీ తెలియదు. కేబుల్‌లో అటెన్యుయేటర్ పెట్టి ‘ఫలితం లేదు’ అని తేల్చే పరీక్షలలో జరిగే పొరపాటు ఇదే. పరీక్ష కూడా ఫీడ్ దగ్గరే జరగాలి. నిచ్చెన వేసుకొని డాబా ఎక్కడం తప్పదు.